ష్యూర్ ఎస్ఎం58: ఊరూరా తిరిగి పాడేవాళ్ళకి సొంత మైకు

ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మనిషి తన కీబోర్డు తనే తెచ్చుకుంటాడు. తబలా ఆయన తన జతని ఇంకొకళ్ళ చేతికి ఇవ్వడు. ప్యాడ్స్ వాయించే కుర్రాడికి స్టిక్స్ దగ్గర్నుంచి అడాప్టర్ దాకా అన్నీ సొంతానివే. పాడేవాళ్ళం మాత్రం పాటల డైరీ, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని స్టేజి ఎక్కేస్తాం. సౌండ్ వాళ్ళు ఏ మైకు చేతిలో పెడితే దాన్లోనే పాడతాం. అది మంచిదైతే మన అదృష్టం. పాడైపోయినదైతే ఈ అమ్మాయి గొంతు బాగోలేదని జనం అనుకుంటారు. ఊరూరా తిరిగి పాడేవాళ్ళు ఎవరికైనా సొంత మైకు ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఆ మైకు ష్యూర్ ఎస్ఎం58 అయితే సరిపోతుందని ఎందుకంటున్నానో, ఎక్కడ సరిపోదో రెండూ చెప్తాను.

మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఆరుగురం, ఒక వ్యాను. ఇంత చిన్న ఆర్కెస్ట్రాకి సొంత సౌండ్ సిస్టం కొనే స్తోమత ఉండదు, కొన్నా వ్యానులో చోటు ఉండదు. వెనక సీటు తీసేసి కీబోర్డు, స్టాండ్లు, ప్యాడ్స్, తబలాలు, కాంగోలు సర్దేసరికి మా బట్టల బ్యాగులు ఒళ్ళో పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకని సౌండ్ ఎప్పుడూ కమిటీ వాళ్ళే మాట్లాడతారు. కొత్త అమావాస్యకి అనకాపల్లిలో నూకాలమ్మ జాతర మొదలైతే నెలంతా ఆ చుట్టుపక్కలే తిరుగుతాం. వేసవిలో పెళ్ళిళ్ళు, ఊళ్ళల్లో అమ్మవారి పండగలు. ఆ తర్వాత వినాయక చవితి, దసరా, దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ముందురోజు తొలేళ్ళకి ఆ ఊళ్ళో ఎవరికీ నిద్ర ఉండదు, మాకూ ఉండదు. హైవే మీద ఇటు తుని దాకా, అటు ఇచ్ఛాపురం దాకా, ఘాట్ ఎక్కితే అరకు దాకా మా బండి వెళ్తుంది.

ఇవాళ బీచ్ రోడ్డు హోటల్లో సంగీత్ ఫంక్షన్ అనుకోండి. డిజిటల్ మిక్సరు, నా ముందు రెండు మానిటర్లు, అంటే నా పాట నాకు వినిపించడానికి పెట్టే స్పీకర్లు, ఏసీ హాలు. రేపు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. పాత అహుజా యాంప్లిఫయర్, వేపచెట్టుకి కట్టిన రెండు హారన్లు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. రెండు చోట్లా నేను బాగానే పాడాలి. స్పీకర్లు నా చేతిలో లేవు, మిక్సరు నా చేతిలో లేదు. నా చేతిలో ఉండేది మైకు ఒక్కటే. అది రోజూ ఒకటే అయినప్పుడు మూతికి ఎంత దూరంలో పెట్టాలో, పకారం బకారం వచ్చినప్పుడు ఎంత పక్కకి తిప్పాలో, పై స్థాయికి వెళ్తే ఎంత వెనక్కి లాగాలో చేతికే అలవాటైపోతుంది. అప్పుడు మనసంతా పాట మీద పెట్టొచ్చు. సొంత మైకు వల్ల నాకు దొరికిన అసలు సుఖం ఇదే. సౌండ్ బాగుండటం దాని తర్వాత సంగతి.

ఎస్ఎం58 కొత్త వస్తువేం కాదు. 1966లో వచ్చింది. అమెరికాలో షికాగో ప్రాంతపు కంపెనీ ష్యూర్‌లో ఎర్నీ సీలర్ అనే ఇంజినీరు దీన్ని రూపొందించారు. మొదట స్టూడియోల కోసం చేసినదే, తర్వాత స్టేజి మీదికి వచ్చి అక్కడే స్థిరపడిపోయింది. లోపల ఒక పల్చటి పొర, దానికి అతికించిన సన్నటి తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. గొంతులోంచి వచ్చే శబ్దానికి పొర కదిలితే తీగచుట్ట కూడా కదులుతుంది, ఆ కదలికకే కరెంటు పుడుతుంది. బయటినుంచి పవర్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. రికార్డింగుల్లో వాడే కండెన్సర్ మైకులు చాలావాటికి మిక్సరు నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ రావాలి. పల్లెల్లో మాకు దొరికే పాత యాంప్లిఫయర్ల నుంచి అది ఆశించలేం. పైగా కండెన్సర్ మైకు పక్కనున్న డప్పుని, స్టేజి వెనకున్న జనరేటర్‌ని, ముందు వరసలో పిల్లల అరుపుల్ని కూడా నా గొంతుతో పాటు లాగేసుకుంటుంది. మా తిరుగుడికి ఎస్ఎం58 లాంటి తీగచుట్ట మైకే, అంటే డైనమిక్ మైకే సరైనది.

గట్టిదనం గురించి అందరూ చెప్పేదే. అయినా నా కళ్ళతో చూసింది చెప్తాను. టెక్కలి వైపు ఒక ఊళ్ళో ప్రోగ్రాం మధ్యలో ఆ ఊరి చిన్న పిల్లాడొకడు పాడతానని ముచ్చటపడితే మైకు చేతికిచ్చాం. వాడు ఒక చరణం పాడి, చప్పట్లు వినగానే సిగ్గుపడి, మైకు వదిలేసి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తాడు. అది ఛాతీ ఎత్తున్న స్టేజి మీంచి కంకర మీద పడింది. పైనున్న స్టీలు జాలీ ఒకవైపు లోపలికి నొక్కుకుపోయింది. మైకు ఎత్తి, జాలీలో ఇరుక్కున్న మట్టి దులిపి, మిగతా ప్రోగ్రాం అంతా దాంతోనే పాడాను. తేడా ఏమీ రాలేదు. జాలీ మరచుట్టులా తిప్పితే ఊడొస్తుంది, విడిగా కొనుక్కోవచ్చు కూడా. ఆ దెబ్బని జాలీ కాచుకుంది కాబట్టే లోపలి క్యాప్సూల్, అంటే పొర, తీగచుట్ట ఉండే భాగం, బతికింది.

కూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మైకు కుయ్యిమని కూసిందంటే స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి వెళ్తోందని అర్థం. ఎస్ఎం58 ముందువైపు శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, పక్కల నుంచి తక్కువ, సరిగ్గా వెనక నుంచి అన్నిటికంటే తక్కువ. కార్డియాయిడ్ అంటారు. పల్లె స్టేజిల మీద గాయనికి ఇచ్చే మానిటర్ ఒక్కటే, అది కూడా నా కాళ్ళ ముందు, నాకేసి తిప్పి పెడతారు. అంటే మైకు తోక వైపు. ఎస్ఎం58కి ఆ చోటే అనుకూలం. దీనికంటే ఖరీదైన బీటా 58ఏ ఇదే కంపెనీలో ఉంది. గొంతు ఇంకా మెరుపుగా వినిపిస్తుంది, పక్క శబ్దాలు ఇంకా తగ్గుతాయి. కానీ అది సూపర్ కార్డియాయిడ్. సరిగ్గా వెనకనుంచి వచ్చే శబ్దాన్ని కొంత తీసుకుంటుంది, మానిటర్లు కొంచెం పక్కలకి ఉంటేనే దానికి బాగుంటుంది. రెండు మానిటర్లు ఇవ్వమని అడిగే స్థాయి ఆర్కెస్ట్రా అయితే అదే కొనుక్కోండి. మాలాంటి వాళ్ళకి ఖరీదు తక్కువదే పనికొస్తుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. చాలామంది మైకు జాలీని గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు. ర్యాప్ పాడే కుర్రాళ్ళకి అదో స్టైలు. సన్మానాలప్పుడు మాట్లాడే పెద్దలు కూడా అంతే. వెనకనుంచి వచ్చే శబ్దం తగ్గడానికి క్యాప్సూల్ వెనక గాలి దారులు ఉంటాయి, అవి జాలీ కిందే ఉన్నాయి. గుప్పిట్లో మూసేస్తే ఆ గుణం పోతుంది, వెంటనే కూత మొదలవుతుంది. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. అందుకే సన్మానాలు, ఉపన్యాసాలు ఉంటే స్టాండు మీద సౌండ్ వాళ్ళ మైకు పెట్టించి, నాది తీసి పక్కన పెట్టుకుంటాను. మర్యాదగా చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు.

గాయనులందరికీ చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. ఇది ఎస్ఎం58 లోపం కాదు, ఏ లోహపు మైకుకైనా వర్తిస్తుంది. ఎర్త్ సరిగా లేని స్టేజి మీద, ముఖ్యంగా జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు, జాలీ పెదాలకి తగిలితే చురుక్కుమంటుంది. అమ్మవారి పందిరి అయితే చెప్పులు విప్పి ఎక్కాలి. దానికితోడు వాన పడి స్టేజి చెక్కలు తడిశాయంటే అది చిన్న విషయం కాదు. మైకుని ఎప్పుడూ ముందు వేళ్ళ వెనకవైపుతో తాకి చూడాలని మా కీబోర్డు అన్నయ్య నేర్పాడు. అరచేత్తో పట్టుకున్నాక షాక్ కొడితే వేళ్ళు బిగుసుకుపోతాయి, వదలాలన్నా వదల్లేం. నరసన్నపేట దాటాక ఒక ఊళ్ళో అలా తాకితే వేళ్ళు జివ్వుమన్నాయి. నేను పాడనని ఆగిపోయాను. కమిటీ పెద్దాయన వచ్చి, "ఏటమ్మా, ఇంకా మొదలెట్టలేదేటి? జనం లేసెల్లిపోతన్నారు" అన్నాడు. "ఎర్తు సూడనీ బాబూ, మా సెల్లి మూతి మైకుకి తగుల్తాది" అని అన్నయ్య నిలబడిపోయాడు. కరెంటు పని తెలిసిన మనిషిని పిలిపించి, జనరేటర్ దగ్గర ఊడిపోయిన ఎర్త్ వైరు బిగించాకే పాట మొదలైంది. మా డ్రైవరు వ్యాను ఫుట్‌బోర్డు మీది రబ్బరు మ్యాట్ తెచ్చి నా కాళ్ళ కింద పరిచాడు. ఆ మ్యాట్ ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంలోనూ కీబోర్డు బ్యాగుతో పాటే దిగుతుంది. మైకుకి ఫోమ్ టోపీ కూడా తొడుగుతాను, పెదాలకి లోహం తగలకుండా. కానీ టోపీ ఉంది కదా అని ఎర్త్ చూడకుండా పాడొద్దు.

ఇక గొంతు ఎలా వినిపిస్తుందన్నది. కంపెనీ లెక్క ప్రకారం ఇది 50 నుంచి 15,000 హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. బరువైన కింది శబ్దాలు, అంటే బేస్, కొంత తగ్గించి, మాటకి స్పష్టతనిచ్చే పై భాగాన్ని కొంత పైకి లేపుతుంది. జానపదాలు, మాస్ పాటలు పాడేటప్పుడు ఇది చాలా మేలు. మాట మీద మాట పడే చరణం కూడా హారన్‌లో విడివిడిగా వినిపిస్తుంది. మూతికి దగ్గరగా పెట్టుకుంటే గొంతు బరువెక్కుతుంది, దూరం జరిపితే పల్చబడుతుంది. నా గొంతు కొంచెం సన్నం కాబట్టి పల్లవికి దగ్గరగా, తారస్థాయికి జానెడు దూరంగా వాడతాను. మగ గొంతు బరువుగా ఉన్నవాళ్ళు మరీ దగ్గరగా పెట్టుకుంటే బొంగురుగా వస్తుంది. వాళ్ళు మిక్సరులో బేస్ తగ్గించే లో కట్ బటన్ నొక్కమని అడగాలి.

అసంతృప్తి ఎక్కడంటే మెలొడీల దగ్గర. సుశీల గారు పుట్టింది విజయనగరంలో. ఆ ఊళ్ళో ప్రోగ్రాం అంటే ముందు వరసలోని పెద్దవాళ్ళు ఆవిడ పాటలు పాడమని చీటీలు పంపుతూనే ఉంటారు. ఆ పాటల్లో ఊపిరితో కలిసిపోయే చిన్న చిన్న గమకాలు, స్వరం చివర సన్నగా సాగి ఆగిపోయే చోట్లు ఉంటాయి. వాటిని ఈ మైకు పూర్తిగా మోయలేదు. నేను కష్టపడి తీసిన సంగతి మానిటర్‌లో మొద్దుబారి వినిపిస్తే బాధగా ఉంటుంది. ఈ మైకు నుంచి వచ్చే సిగ్నల్ కూడా తక్కువే, ఆపరేటర్ మిక్సరులో గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని పెంచే నాబ్, బాగా తిప్పాలి. పాత యాంప్లిఫయర్ అయితే దాంతోపాటు స్‌స్‌స్ అని హిస్ కూడా పెరుగుతుంది. నిదానంగా పాడే పాటలో అది తెలిసిపోతుంది. కళాభారతి లాంటి హాల్లో, మంచి సిస్టం మీద, కేవలం మెలొడీలే పాడే కచేరీ అయితే నేను వేరే మైకు అడుగుతాను.

ఆపరేటర్ల మాట వచ్చింది కాబట్టి ఒక మంచి సంగతి. ఎస్ఎం58 అంటే తెలియని సౌండ్ మనిషి లేడు. ఇచ్ఛాపురంలోనైనా అరకులోనైనా మైకు చూడగానే గెయిన్ ఎక్కడ పెట్టాలో అతని చేతికి తెలిసిపోతుంది. మాకు టైం తక్కువ కాబట్టి ఇది పెద్ద మేలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు ఆపాలి. పండగ రోజులకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చు. ఊళ్ళో ఊరేగింపు ఆలస్యమై, ఉపన్యాసాలు సాగి, మాకు స్టేజి అప్పగించేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పుడు సౌండ్ చెక్‌కి ఎవరిస్తారు టైం? రెండు "హలో"లు, ఒక ఆలాపన, అంతే. తెలిసిన మైకు అయితే ఆ రెండు హలోలు చాలు.

కార్డ్‌లెస్ కొనుక్కోవచ్చు కదా అని మా ప్యాడ్స్ తమ్ముడు ఇప్పటికీ అంటాడు. స్టేజంతా తిరుగుతూ, జనంలోకి దిగి పాడేవాళ్ళకి అది కావాల్సిందే. కానీ వినాయక చవితికి విశాఖలో వీధికో పందిరి, ప్రతి పందిట్లో ఒక కార్డ్‌లెస్. ఒకరి ఫ్రీక్వెన్సీ ఒకరికి తగిలి గొంతు తెగిపోతుంటే చూశాను. బ్యాటరీల టెన్షన్ వేరే. వైరు మైకు ఒక చోట కట్టేస్తుంది నిజమే, కానీ పాట మధ్యలో మోసం చెయ్యదు. వైరు మాత్రం సొంతానిది ఉండాలి. రెండు వైపులా ఎక్స్‌ఎల్ఆర్ అనే మూడు పిన్నుల కనెక్టర్ ఉన్న కేబుల్, పది మీటర్లది. సౌండ్ వాళ్ళ దగ్గర చాలాసార్లు ఒకవైపు లావు జాక్ ఉన్న కేబుల్ ఉంటుంది. పందిరంతా చుట్టిన సీరియల్ లైట్ల బుర్రు శబ్దం దాంట్లోంచి నేరుగా వచ్చేస్తుంది. మిక్సరుకి ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్ ఉన్న చోటల్లా మన కేబుల్ పెట్టిస్తే ఆ గోల చాలావరకు పోతుంది.

శుభ్రం గురించి ఆడవాళ్ళం మాట్లాడుకుంటాం గానీ పైకి చెప్పం. అద్దె మైకు మూతి దగ్గర పెట్టుకుంటే కిళ్ళీ వాసన, ఖైనీ వాసన, ఎవరిదో లిప్‌స్టిక్. సీజన్‌లో ఒకరికి జలుబు చేస్తే బండిలో అందరికీ పాకుతుంది, గొంతు పోతే నాకు ఆ వారం సంపాదన పోతుంది. సొంత మైకు కొన్నాక ఆ బెంగ తగ్గింది. జాలీ తిప్పి తీసి, దాన్ని మాత్రమే గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడుగుతాను. లోపలి స్పాంజి కూడా అందులోనే తడుస్తుంది. ఫ్యాను కింద పూర్తిగా ఆరేదాకా మళ్ళీ బిగించను. కింద ఉండే క్యాప్సూల్‌కి నీటిచుక్క తగలనివ్వను. ఉప్పుగాలికి ఇంటి గేట్లు, కిటికీ ఊచలు తుప్పు పట్టే ఊరు మనది. బీచ్ దగ్గర పాడి వచ్చిన రాత్రి ఎంత నిద్ర వస్తున్నా మైకుని పొడిగుడ్డతో తుడిచి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పౌచ్‌లో పెడతాను. అరకు నుంచి దిగేటప్పుడు కూడా అంతే. పైన మంచు, కింద ఉక్క, జాలీ మీద చెమ్మ పడుతుంది.

కొనేటప్పుడు నకిలీలతో చాలా జాగ్రత్త. ప్రపంచంలో ఎక్కువగా నకిలీలు చేసే మైకుల్లో ఇదొకటి. పెట్టె, పౌచ్, స్టిక్కర్ అన్నీ అచ్చు దింపేస్తారు. ఒక ఫంక్షన్‌లో సౌండ్ వాళ్ళు "మా దగ్గరా అదే ఉందమ్మా" అని ఇస్తే చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా తగిలింది. పాడితే సకారాలన్నీ చెవిలో గుచ్చుకున్నాయి, బేస్ అసలు లేదు. అసలైన ఎస్ఎం58 బరువు 298 గ్రాములు. కేబుల్ లేకుండా కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. బరువు సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అని చెప్పలేం గానీ, బాగా తగ్గిందంటే మాత్రం కాదనే. అసలు ధరలో మూడో వంతుకే ఇస్తున్నారంటే ఆశపడకండి. అధీకృత డీలర్ దగ్గర జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. నాకు రెండు ప్రోగ్రాంల డబ్బు పట్టింది. సీజన్‌లో అయితే ఆ డబ్బు వారంలో తిరిగొచ్చేస్తుంది.

చర్చిలో, భజనలో, స్కూల్ వార్షికోత్సవంలో అప్పుడప్పుడు పాడేవాళ్ళకి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కవర్ సాంగ్స్ రికార్డు చేసుకునేవాళ్ళకి కూడా ఇది సరైనది కాదు, మైకుని ఫోన్‌కి కలపడానికి మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె కావాలి, పైగా ఆ సున్నితత్వం దీనికి లేదు. జాతరలు, పెళ్ళిళ్ళు, పందిళ్ళు తిరిగి పాడి బతికేవాళ్ళకి మాత్రం కళ్ళు మూసుకుని చెప్తాను.

స్విచ్ ఉన్నదీ, లేనిదీ రెండు రకాలు దొరుకుతాయి. లేనిదే తీసుకోండి. స్విచ్ ఉంటే పాట ఊపులో వేలు తగిలి ఆగిపోవచ్చు, లేదా అతిథి ఎవరో ఆపేసి ఇస్తే మీరు గమనించకుండా పల్లవి ఎత్తుకోవచ్చు. మధ్యలో దగ్గు వచ్చినా, నీళ్ళు తాగాలన్నా ఆపరేటర్‌కేసి చూసి చెయ్యి కిందికి ఊపితే చాలు, ఆయనే మ్యూట్ చేస్తాడు. ప్రోగ్రాం మొదలవక ముందే ఆయన పేరు అడిగి తెలుసుకుని, ఆ సైగ ఏమిటో ఒకసారి చెప్పి ఉంచండి.